పెండ అంటని నేల

శుక్రవారం వచ్చిందంటే బాలలక్ష్మికి ఒళ్ళు మండేది. మిగతా రోజుల్లో ఆమె కూడా ధర్మపురి కోడళ్ళందరిలాగే పొద్దున్నే లేచి, ఊడ్చి, వండి, అత్త అనే మాటలు ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసేది. శుక్రవారం మాత్రం అట్లా కుదిరేది కాదు. ఆ రోజు తెల్లవారగానే ఒక చేత్తో పెండనీళ్ళ బకెట్టు, ఇంకో చేత్తో చౌడుమట్టి గిన్నె పట్టుకుని మీది అర్రకు ఎక్కాలి. ఎక్కి, మోకాళ్ళ మీద కూర్చుని, కన్నతండ్రి చేసిన పనిని తన చేతులతో తానే పాడుచేయాలి.

అవును, పాడుచేయడమే. అత్త శంకరవ్వ దానికి పెట్టిన పేరు అలుకుడు.

ఆ మీది అర్ర సంగతి మొదటినుంచీ చెప్పాలి, లేకపోతే ఈ కోపం ఎవరికీ అర్థం కాదు. బాలలక్ష్మి మామ రామచంద్రం కంసాలి. ముందు అర్రలో కుంపటి, దాగలి పెట్టుకుని కొడుకు కైలాసంతో కలిసి నగలు చేసేవాడు. ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటి ఏడు ఆయనకు ఇంటి మీద ఇంకో అర్ర లేపాలని బుద్ధి పుట్టింది. కింద మట్టిగోడలు. పైన బండలు పరిస్తే ఆ గోడలు మోయలేవని అందరూ అన్నారు. అయితే దూలాల మీద టేకు పలకలు పరుద్దామని వియ్యంకుడు దశరథం అన్నాడు. దశరథం గోదావరికి అవతలి ఒడ్డున లక్షెట్టిపేటలో వడ్రంగి. బిడ్డ మెట్టినింటి పని కాబట్టి తానే వచ్చి చేస్తానన్నాడు.

చేశాడు కూడా. ఆదిలాబాదు అడవి టేకు ఏరుకొచ్చి, ఎండకూ నీడకూ మార్చి మార్చి ఆరబెట్టి, పలకకు పలక గాడి కోసి ఒకదానిలోకి ఒకటి దూర్చి, గోరు దూరనంత బిగువుగా పరిచాడు. ఆ తర్వాత అసలు పని మొదలైంది. అవిసెనూనె కాచి, అందులో గోండులు అంగడికి తెచ్చే తేనెమైనం కరిగించి, మైనం గట్టిపడడానికి గుగ్గిలం నూరి కలిపి, ఆ ముద్దను గోరువెచ్చగా ఉన్నప్పుడే గుడ్డతో పలకలకు పట్టించాడు. పట్టించి ఆరనిచ్చాడు, ఆరాక తుడిచి మళ్ళీ పట్టించాడు. లక్కమెరుపు పెట్టించుకుంటే అద్దంలా ఉంటుంది కదా అని ఎవరో అంటే ఆయన ఒప్పుకోలేదు. లక్క పైపైన పొరలా నిలుస్తుంది, ఒకచోట లేచిందంటే మొత్తం గీకాలి. నూనె, మైనం కట్టె లోపలికి దిగుతాయి. కాళ్ళు ఎక్కువ తిరిగే జాగాలో అరిగితే ఆ జాగాలో మాత్రం మళ్ళీ రుద్దుకుంటే చాలు, మనవళ్ళ కాలం దాకా నిలుస్తుంది. ఇది ఆయన లెక్క.

ఈ పని జరిగినన్నాళ్ళూ బాలలక్ష్మి ఇక్కడ లేదు. తొలికాన్పుకు పుట్టింటికి పోయింది. తండ్రి నది దాటి ఇటు వచ్చి పలకలు పరుస్తుంటే ఆమె అటు లక్షెట్టిపేటలో పురిటి మంచం మీద ఉంది. ఐదో నెలలో బిడ్డను ఎత్తుకుని అత్తగారింటికి వచ్చి, బాపు చేసిన నేల చూద్దామని ఆశగా మెట్లెక్కితే గుప్పుమని పెండ వాసన కొట్టింది. అత్త నేల మీద కూర్చుని దానితో పోట్లాడుతున్నది.

నిజంగా పోట్లాటే. మట్టినేల మీద పెండ అలికితే చక్కగా పట్టుకుంటుంది, ఆరితే పచ్చగా, చల్లగా ఉంటుంది. ఈ నేల మీద నీళ్ళు చుక్కలు చుక్కలుగా జారిపోతున్నాయి, ఆరిన పెండ పెచ్చులు పెచ్చులుగా లేచి కాళ్ళకు అంటుకుంటున్నది. శంకరవ్వ జన్మలో అలుకు పట్టని నేల చూసి ఎరుగదు. అట్లాంటి నేలను నేల అనుకోవడానికే ఆమెకు మనసొప్పలేదు. పైగా దేవుని పటాలు ఆ అర్రలోనే పెట్టారు. అందుకని చాకలివాళ్ళు బట్టల జిడ్డు వదిలించడానికి వాడే చౌడు తెప్పించి, వేడినీళ్ళు పోసి, కొబ్బరిపీచుతో పలకలను బరబరా తోమింది. జిడ్డు పోతే పెండ అంటుతుందని ఆమె ఉపాయం. ఉపాయం పారింది. దశరథం రోజుల తరబడి రుద్ది ఎక్కించిన మైనం మీద చౌడు పడితే పారకేం చేస్తుంది!

ఆ వారం నుంచి ఆ పని కోడలిదైంది.

బాలలక్ష్మి వడ్రంగి బిడ్డ. వాళ్ళింట్లోనూ మట్టినేలే, కట్టెనేల ఎప్పుడూ లేదు. కానీ నూనె, మైనం పట్టించిన సందుగు పెట్టెల దగ్గరికి తడిచేత్తో పోతే తండ్రి కసిరేవాడు. అది ఆమెకు గుర్తుంది. ఒకరోజు ధైర్యం చేసి, చెక్కకు నీళ్ళు పడవేమో అత్తా అన్నది. మీ అవ్వగారింట్లో శుక్రవారం లేదా అని శంకరవ్వ అడిగింది. అక్కడితో ఊరుకోకుండా ఇంకో మాట కూడా అన్నది. నిజంగా నీళ్ళు పడకపోతే మీ బాపు మీ మామకు చెప్పేవాడు, చెప్తే మీ మామ నాకు చెప్పేవాడు, వాళ్ళకు లేని బాధ నీకెందుకు అన్నది. 

ఆ మాట నిజమో కాదో బాలలక్ష్మి మొగుణ్ణి అడిగింది. కైలాసం ఊదుగొట్టం పక్కన పెట్టి, కాసేపు ఆలోచించినట్టు ముఖం పెట్టాడు.

"మీ బాపు ఏం చెప్పలే. చెప్తే నాకు యాదికుండదా?" అన్నాడు.

ఆ మాట నమ్మింది పిచ్చిది. నమ్మి, లోలోపల తండ్రి మీద కోపం పెంచుకుంది. ఇంత పనితనం ఉన్న మనిషి, దీన్ని ఎట్లా చూసుకోవాలో ఒక్క ముక్క చెప్పి పోకూడదా? పండక్కి పుట్టింటికి పోయినప్పుడు అడుగుదామని నోటిదాకా వచ్చేది. అడిగితే, నీ నేల మీద ప్రతి శుక్రవారం చౌడేసి తోముతున్నానని చెప్పుకోవాలి. మీది అర్ర ఎట్లుంది బిడ్డా అని ఆయన ముఖమంతా వెలిగించుకుని అడుగుతుంటే ఆ మాట ఎట్లా చెప్తుంది? మంచిగుంది బాపూ అని తలకాయ వంచుకునేది.

నేల మాత్రం మంచిగా లేదు. మొదట రంగు పోయింది, తర్వాత బూడిదరంగు తిరిగింది, ఆ తర్వాత నీళ్ళు తాగి తాగి పలకలు ఉబ్బి, ఎండి, సందులు విడిచాయి. పేళ్ళు లేచాయి. పసిది పాకే రోజుల్లో అరచేతుల్లో, నడిచే రోజుల్లో పాదాల్లో అవి గుచ్చుకునేవి. తీయడానికి మామ నగలు పట్టుకునే చిన్న పట్టుకారే పనికొచ్చేది. పేడు దిగినప్పుడల్లా పిల్ల కంటే ముందు శంకరవ్వ గొంతు లేచేది. మీ బాపు పెట్టిన మెరుపు ఇదేనా, మీ లక్షెట్టిపేట వడ్లోళ్ళ పనితనం ఇదేనా అని. పాడుచేయించేది తానే, పాడయిందని దెప్పేది తానే. ఈ అన్యాయానికి బాలలక్ష్మికి గుండెల్లో కుంపటి రగిలేది.

ఇంకో సంగతి ఉంది. సందులు విడిచాక పైన పోసిన పెండనీళ్ళు కింద కారడం మొదలైంది. కింద ఎవరున్నారు? రామచంద్రం. ఒకనాడు ఆయన ముక్కుపుడకకు రాయి పొదుగుతుంటే చుక్క సరిగ్గా నెత్తిన పడింది. తలెత్తి చూస్తే ఇంకోటి ముక్కు మీద పడింది. పైకి చూసి నాలుగు కేకలు పెట్టి, మరుసటి రోజు దూలాలకు అడ్డంగా ఒక గోనెపట్ట కట్టించుకున్నాడు. ఆ తర్వాత హాయిగా పని చేసుకున్నాడు. రోజూ లక్కతో, గుగ్గిలంతో చేతులు మసి చేసుకునే మనిషికి చౌడు పడితే మైనం ఏమవుతుందో తెలియదా? గోనెపట్ట కట్టేంత తెలివి ఉన్నవాడికి ఆపాటి తెలివి లేకపోయిందా?

ఇట్లా నాలుగో ఏడు నడుస్తుండగా ఊళ్ళో సత్రం ముచ్చట లేచింది. నరసింహస్వామి జాతరకు వచ్చే తమ కులపోళ్ళు దిగడానికి గోదావరి ఒడ్డున ఒక సత్రం కట్టాలని, దాని మీది అంతస్తుకు కట్టెనేల వేయించాలని కంసాలులూ వడ్రంగులూ కలిసిన విశ్వబ్రాహ్మణ కులపెద్దలు అనుకున్నారు. దశరథం చెవిన పడింది. కులపోళ్ళ సత్రం, దేవుని ఊరు, వచ్చీపోయేవాళ్ళు నూరేళ్ళు నడిచే నేల. నాగలికర్రులు, బండిచక్రాలు, అంగడి సందుగులు చేస్తూ ముసలివాడవుతున్న మనిషికి అంతకంటే ఏం కావాలి? కులపెద్ద లక్ష్మీరాజం దగ్గరికి పోయి, పని నాకియ్యండి, నా పని చూడాలనుకుంటే మా వియ్యంకుడు రామచంద్రం ఇంట్లో చూసుకోండి అన్నాడట. శనివారం వచ్చి చూస్తానని లక్ష్మీరాజం మాటిచ్చాడు. నేల బాగుంటే పని దశరథానిది. బాగుండకపోతే గోదావరికి ఇటువైపు ఆయన్ను పిలిచే ఇల్లు ఉండదు.

ఈ కబురు కైలాసం చెప్పినప్పుడు బాలలక్ష్మి చేతిలో చాట ఉంది. అది కింద పెట్టి, ఈ ఒక్క శుక్రవారం అలికించొద్దని తల్లికి చెప్పుమని మొగుణ్ణి బతిమాలింది. పొడిగుడ్డతో తుడిచి, కొంచెం నూనె రాస్తే చూడ్డానికైనా ఉంటుందన్నది. చెప్తానన్నాడు కైలాసం. చెప్పాడో లేదో ఆ నరసింహస్వామికే తెలియాలి. శుక్రవారం పొద్దున శంకరవ్వ రెండు బకెట్ల పెండ కలిపించింది. రేపు నలుగురు పెద్దమనుషులు వస్తున్నారు, ఇల్లు ఇల్లులా ఉండొద్దా, ఈసారి జర గట్టిగా అలికి ముగ్గు కూడా పెట్టు అన్నది.

బాలలక్ష్మి అలికింది. ముగ్గు కూడా పెట్టింది. చుక్క చుక్కకూ పళ్ళు నూరుకుంటూ పెట్టింది.

మరునాడు పొద్దెక్కాక లక్ష్మీరాజం వచ్చాడు. తెల్లటి ధోతి, భుజాన కండువా, నెమ్మదైన మనిషి. ఆయన వెనక దశరథం. పడవ దిగి నేరుగా వచ్చాడేమో పంచె అంచు తడిసి ఉంది. బిడ్డను చూసి నవ్వాడు, మనవరాలి తల నిమిరాడు, మెట్లు గబగబా ఎక్కాడు. రామచంద్రం, కైలాసం ఆయన వెనక ఎక్కారు. శంకరవ్వ కొంగు తల మీదికి లాక్కుని గడప దగ్గర నిలబడింది. అత్త వెనక బాలలక్ష్మి నిలబడింది.

నేల చూడగానే దశరథం ముఖంలో నవ్వు ఆగిపోయింది. బూడిదరంగు పలకల మీద నిన్నటి పెండ, దాని మీద తెల్లటి ముగ్గు. లక్ష్మీరాజం అడుగు వేస్తే పలక కిర్రుమన్నది. ఆయన కాలు పైకెత్తి, పాదంలో దిగిన పేడు పీక్కున్నాడు. ముందు శంకరవ్వే మాట్లాడింది. ఆమె కడుపులో ఏదీ దాచుకునే మనిషి కాదు.

"సూడుండ్రి పెద్దన్నా. ఎంత అలికినా అలుకు నిల్వది. ఎన్నడు సూసినా ముండ్లే. నాలుగేండ్లు గూడ ఆగలే. గిసొంటి నేల సత్రానికి ఏస్తరా?"

దశరథం మోకాళ్ళ మీద కూర్చున్నాడు. బొటనవేలితో ముగ్గు చెరిపి, పెండ గీకి, పలక మీద గోరుతో గీసి చూశాడు. ఆ వేలు వాసన చూశాడు. చౌడు వాసన. ఇంకేం కావాలి, ఆయనకు మొత్తం అర్థమైపోయింది. తలెత్తి బిడ్డ వైపు చూశాడు. బాలలక్ష్మి చేతులు కొంగులో దాచుకుంది. వారం వారం చౌడుతో తోమి తోమి పగిలిన చేతులు అవి. దాచేలోపే ఆయన చూశాడు.

లేచి నిలబడి లక్ష్మీరాజానికి దండం పెట్టాడు.

"తప్పు నాదే అన్నా. నూనె మంచిగ కాగలే. మైనం తక్కువేసిన. సత్రానికి ఇంకెవలనన్న సూసుకోండ్రి" అన్నాడు.

ఆడపిల్లను ఇచ్చినవాడు ఆ ఇంట్లో నోరెత్తకూడదట. నోరెత్తితే ఆయన పడవెక్కి పోయాక ఆ మాటలన్నీ పిల్ల పడాలట. ఈ నియమం ఎవరు పెట్టారో గానీ, దాని కోసం ఒక మనిషి తన జీవితకాలం పనిని, తన చేతులను, తన పేరును అందరి ముందూ తప్పు అనేశాడు. అదీ ఎంత సులువుగా! ఎవరో అపరిచితుడి పని గురించి చెప్పినట్టు. ఆ క్షణంలో బాలలక్ష్మికి అత్త మీద ఉన్న కోపం చాలా చిన్నదైపోయింది. తండ్రి మీద వచ్చిన కోపానికి చెవులు గుయ్యిమన్నాయి. అత్తను దాటుకుని అర్ర నడుమకు వచ్చింది.

"అబద్ధం" అన్నది. "నూనె మంచిగనే కాగింది. మైనం సుత మంచిగనే పడ్డది. నేనే పాడుచేసిన. ప్రతి శుక్కురారం సౌడేసి తోమి, పెండ అలికిన. గీ చేతులతోనే."

దాచుకున్న చేతులు బయటికి తీసి చూపించింది. కోడలు మామ ముందు, కులపెద్ద ముందు అట్లా నిలబడి మాట్లాడడం ఆ ఇంట్లో అదే మొదలు. కైలాసం కిందికి పొమ్మని సైగ చేశాడు. ఆమె అటు చూడలేదు.

లక్ష్మీరాజం ముందు ఆమెను, తర్వాత శంకరవ్వను చూశాడు. కట్టెనేలకు పెండ అలికిన్రా చెల్లే అని మెల్లగా అడిగాడు. శంకరవ్వకు చుర్రుమన్నది. నేలంటే అలకడమే కదా, పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి అదే చేస్తున్నాను, మీ ఇళ్ళలో చేయరా అన్నది. వద్దని ఎవరైనా అంటే కదా మానేది అన్నది. ఆ మాట న్యాయంగానే తోచి లక్ష్మీరాజం దశరథం వైపు తిరిగాడు. ఇంత పని చేసినవాడివి ఒక మాట చెప్పి పోలేదా అని అడిగాడు. దశరథం తలవంచుకున్నాడు.

"బాపూ, చెప్పినవా, లేదా?" అన్నది బాలలక్ష్మి. నాలుగేళ్ళుగా అడగలేకపోయిన ప్రశ్న అది.

 ఆయన కళ్ళు వియ్యంకుడి మీదికి పోయాయి. రామచంద్రం పైకప్పు వాసాలను ఇప్పుడే కొత్తగా చూస్తున్నట్టు చూస్తున్నాడు. కైలాసానికి కిటికీ బయట ఏదో పని పడింది. అందరూ ఆ ఇద్దరినీ చూస్తూ ఉండిపోయేసరికి ఇక రామచంద్రానికి నోరు విప్పక తప్పలేదు.

"చెప్పిండనుకో" అని గొణిగాడు. "తడి తగలనియ్యద్దు, పొడిగుడ్డతోనే తుడువాలె, వానకాలం ముందల నూనెమైనం రుద్దాలె అని చెప్పిండు. గది ఇల్లు ఊడ్సే ముచ్చట. ఆడోల్ల పని. నాకేం యాదికుంటది?"

అదండీ సంగతి. చెప్పాడు. పని ముగిసిన రోజు ఈ అర్రలోనే, ఈ నేల మీదే కూర్చోబెట్టి తండ్రికీ కొడుక్కీ ఇద్దరికీ చెప్పాడు. ఇంటి ఆడమనిషికే చెప్పి ఉండొచ్చు. కానీ ఇల్లు ఎట్లా ఊడ్చుకోవాలో వియ్యపురాలికి చెప్పడం మర్యాద కాదని ఆయన మగవాళ్ళకు చెప్పాడు. అది ఆడవాళ్ళ పని కాబట్టి మగవాళ్ళు దాన్ని మనసులో పెట్టుకోలేదు. అట్లనే బావా అని ఒకరు, అట్లనే మామా అని ఒకరు తల ఊపి, కిందికి దిగి, కడుపునిండా తిని, మరచిపోయారు. ఈ మర్యాదకూ ఆ మరుపుకూ నడుమ నాలుగేళ్ళు మోకాళ్ళ మీద పాకింది మాత్రం బాలలక్ష్మి.

ఇప్పుడు అందరూ శంకరవ్వ కోడలి మీద విరుచుకుపడుతుందని అనుకున్నారు. బాలలక్ష్మి కూడా అదే అనుకుని గట్టిగా నిలబడింది. శంకరవ్వ కోడలి వైపు చూడనైనా లేదు. తల మీది కొంగు జారిపోతున్నా సర్దుకోకుండా మొగుడి ముందుకు వచ్చింది. ఎన్నడూ లేనిది, ఆమె గొంతు తగ్గింది.

"నీకు చెప్పిండా?" అన్నది. తర్వాత కొడుకు వైపు తిరిగింది. "నీకు సుత చెప్పిండా?"

కైలాసం కిటికీ వైపు ఇంకాస్త జరిగాడు. శంకరవ్వ మళ్ళీ మొగుడి వైపు తిరిగింది.

"చెప్తే మా ఆయన నాకు చెప్పకపోవునా అని గీ పిల్ల నోరు మూయించిన. నాలుగేండ్లసంది మూయించిన. నీ నెత్తి మీద పెండనీల్లు కారినప్పుడన్న యాదికి రాలేదా నీకు?"

"గోనెపట్ట కట్టిన గద" అన్నాడు రామచంద్రం.

ఆయన అమాయకంగానే అన్నాడు. లక్ష్మీరాజం కండువాతో మూతి తుడుచుకునే మిషతో నవ్వు దాచుకున్నాడు. శంకరవ్వకు నవ్వు రాలేదు. ఆమె ముఖం ఎర్రబారింది. తనకు ఈ ఇంట్లో పెత్తనం ఉందని ఇన్నాళ్ళూ నమ్మిన మనిషి. చీపురు తనది, అలుకు తనది, కోడలు తనది అనుకుంది. తీరా చూస్తే తన చీపురు కింద ఉన్న నేల గురించి మగవాళ్ళందరికీ తెలుసు, తనకే తెలియదు. ఇంటికొచ్చిన పెద్దమనిషి ముందు, తెలియనిదాన్లా, మొండిదాన్లా నిలబెట్టారు తనను. ఆ సిగ్గు కోపంగా మారడానికి ఎంతోసేపు పట్టలేదు.

మూలన బట్టలు దాచే పెద్ద టేకు సందుగు ఉంది. నేల పని ముగిసినరోజే దాన్ని పైకెక్కించి అక్కడ పెట్టారు. ఇద్దరు పడితే తప్ప కదలదు కాబట్టి అలికినప్పుడల్లా దాని చుట్టూ అలికేవాళ్ళు. శంకరవ్వ పోయి దానికి ఒకవైపు చేతులు వేసి, కోడలిని పట్టుమన్నది. ఎందుకో బాలలక్ష్మికి చప్పున అర్థమైంది. కైలాసం సాయానికి రాబోతే తల్లి వద్దన్నది. అత్తాకోడళ్ళిద్దరూ ఊపిరి బిగబట్టి సందుగును గోడ వెంట జరిపారు.

దాని కింద నాలుగేళ్ళ కిందటి నేల బయటపడింది. తేనెరంగు పలకలు, వాటిలో టేకు చారలు నిండుగా, నిగనిగలాడుతూ ఉన్నాయి. సందు కనబడలేదు, పేడు లేవలేదు. లక్ష్మీరాజం వంగి అరచేత్తో రాసి చూశాడు. దేవుని పటాల దగ్గరున్న చెంబులోంచి నీళ్ళు తీసుకుని నాలుగు చుక్కలు చల్లాడు. చుక్కలు ఇంకకుండా గుండ్రంగా నిలబడ్డాయి. కండువా కొంగుతో తుడిస్తే మచ్చ కూడా లేకుండా పోయాయి. ఆయన దశరథం చేతుల వైపు చూశాడు.

"సత్రం పని నీదే దశరథం" అన్నాడు చివరికి. "గిప్పుడు కాదంటే నేనూరుకోను."

సంతోషించాల్సిన సమయం. దశరథం కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా. బాలలక్ష్మి కోపం మాత్రం తగ్గలేదు. తండ్రి దగ్గరికి పోయి ఎదురుగా నిలబడింది.

"నా కోసం ఇంగ ఎన్నడు నీ పనిని తప్పనకు బాపూ."

"నువ్వు గీడ బతకాలె గద బిడ్డా" అన్నాడాయన.

"గిట్లనా?" అన్నది.   శంకరవ్వ, ఆ మాట మీకే అన్నట్టు మొగుడినీ కొడుకునీ చూసింది.

కాసేపటికి లక్ష్మీరాజం వాతావరణం తేలిక చేద్దామని, ఈ నేల ఇక బాగుపడదా అని అడిగాడు. బాగుపడుతుందన్నాడు దశరథం. పని మాట వచ్చేసరికి ఆయన నడుము నిటారైంది. పేళ్ళు లేచిన జాగాలు రందా పట్టి నునుపు చేసి, సందుల్లో సన్నటి బద్దలు కొట్టి, ఎండాకాలం మొదట్లో మళ్ళీ నూనెమైనం పట్టిస్తే సందుగు కింద ఉన్న పలకల్లాగే అవుతుందని చెప్పాడు. కట్టె చావలేదు, పైన పట్టించిందే పోయిందన్నాడు. ఆ రుద్దే పని ఎవరిదో ఎవరూ అడక్కముందే శంకరవ్వ తేల్చేసింది. మరచిపోయినవాళ్ళే మోకాళ్ళ మీద కూర్చుని రుద్దుతారన్నది. రామచంద్రం కుంపటి చల్లారిపోతుందని ఏదో అనబోయాడు. ఆమె చూసిన చూపుకు ఆ మాట లోపలే ఉండిపోయింది. రేపు సత్రంలో ఊడ్చే పనికి కుదిరే ఆడమనిషిని పిలిచి చెప్పకుండా నేల మీద ఎవరినీ అడుగు పెట్టనియ్యొద్దని లక్ష్మీరాజానికి కూడా చెప్పింది. ఆయన సరేనన్నాడు.

అందరూ కిందికి దిగబోయారు. గడప దగ్గర దశరథానికి ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు. ఈసారైనా మరవకుండా చెప్పిపోవాలనుకున్నాడేమో, గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు.

"ఇగో, నూనెమైనం పట్టించినంక నేల మీద తడిగుడ్డ సుత పెట్టద్దు. కాళ్ళు తిరిగే జాగల రంగు ఎలిసినట్టు కనబడితే..."

చెప్తున్నాడు. నాలుగేళ్ళ నాడు కూడా ఇంత ఓపికగానే చెప్పి ఉంటాడు. చెప్తూ రామచంద్రం ముఖంలోకి చూస్తున్నాడు. రామచంద్రం, అలవాటు కొద్దీ, తల ఊపుతున్నాడు.

శంకరవ్వ మెట్లకు అడ్డంగా వచ్చి నిలబడింది. కోడలిని చెయ్యి పట్టుకుని పక్కకు లాక్కుని తనతోపాటు నిలబెట్టుకుంది.

"అన్నా," అన్నది, "ఇటు తిరిగి చెప్పు."